కారు పెట్టిన వీధి పేరు ఐన్‌బాన్‌ష్ట్రాసె

పోయిన నెల ఇదే పేజీలో ఊరికే ఒక మాట అడిగా, పరాయి దేశం వెళ్ళినప్పుడు మీ పరువు ఎక్కడెక్కడ పోయిందో రాయండి అని. అంతే, ఇక చూస్కోండి! మీ ఉత్తరాలు చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా ఆయన రెండుసార్లు వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెళ్ళారు. ఒకటి మాత్రం గమనించా. తెలియని దానితో దెబ్బ తిన్నవాళ్ళు మీలో ఇద్దరో ముగ్గురో, అంతే. తెలియకపోతే మనం భయంగా ఉంటాం, నలుగుర్ని అడుగుతాం. "ఆ, ఇది నాకు తెలుసులే" అనుకున్న చోటే అందరూ బోర్లా పడ్డారు, నాతో సహా. పేర్లు వెయ్యొద్దని చాలామంది బతిమాలారు కాబట్టి ఎవరివీ వెయ్యట్లేదు, నిశ్చింతగా చదువుకోండి.

ప్రశ్న: మేడమ్, మేము మ్యూనిక్‌లో కారు అద్దెకి తీసుకున్నాం. సిటీలో ఒక వీధిలో పార్క్ చేశాక, నేను కొంచెం జాగ్రత్త మనిషిని కాబట్టి అక్కడ బోర్డు చూసి వీధి పేరు అక్షరం అక్షరం చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నా. సాయంత్రానికి దారి తప్పాం. ఒకాయనకి చీటీ చూపిస్తే చెయ్యి గుండ్రంగా తిప్పి "ఇక్కడ, అక్కడ, అదిగో ఆ పక్కన కూడా" అన్నట్టు ఏదో చెప్పి నవ్వుకుంటూ పోయాడు. ఇంకో పెద్దావిడ జాలిగా చూసింది. చివరికి పోలీసాయనకి ఇస్తే, ఆయన చీటీ చదివి పక్కనున్న ఇంకో పోలీసుని పిలిచి మరీ చూపించాడు. నేను రాసుకున్నది "ఐన్‌బాన్‌ష్ట్రాసె". అంటే వన్ వే అట! కారు దొరికేసరికి రాత్రి పదిన్నర. మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే కథ చెప్తోంది. నాలాంటివాడు ఇంకొకడున్నాడని రాయండి, ఆవిడకి చూపించాలి.

జవాబు: ఒకడేంటండీ, మీ ముందు పెద్ద క్యూనే ఉంది. నీలం బోర్డు, దాని మీద తెల్ల బాణం, బాణంలో నల్లక్షరాలతో ఆ మాట, అదే కదా మీరు చూసింది? ష్ట్రాసె అంటే వీధి అని మీకు తెలుసు, అదీ వచ్చిన చిక్కు. ఆ ఒక్క ముక్కా తెలియకపోయుంటే అది వీధి పేరని మీకు తోచేదే కాదు, హాయిగా ఏ ఫోటోనో తీసుకునేవారు.

నా సంగతి వినండి. జర్మనీలో మొదటిసారి ఆటోబాన్ ఎక్కినప్పుడు కుడిపక్క ప్రతి పది నిమిషాలకీ "ఆస్‌ఫార్ట్" అని బోర్డు వస్తోంది. గంటన్నరైనా ఆ ఊరు వదలట్లేదు. "ఏవండీ, ఈ ఆస్‌ఫార్ట్ ఎంత పెద్ద ఊరో చూశారా, అన్ని రోడ్లూ అక్కడికే పోతున్నాయి, మనం ప్లాన్‌లో పెట్టుకోలేదేంటి" అన్నా. మా ఆయన కూడా సీరియస్‌గా "ఫ్యాక్టరీలవీ ఉండే ఊరయ్యుంటుందిలే" అన్నారు. అది హైవే దిగే దారి, ఎగ్జిట్ అన్నమాట. మనుషులు నడిచి బయటికెళ్ళే దారికైతే ఆస్‌గాంగ్ అంటారు. దారి మళ్ళింపుకి ఉమ్‌లైటుంగ్. ఈ మూడూ వస్తే జర్మనీలో సగం ఊళ్ళు మ్యాప్‌లోంచి మాయమైపోతాయి.

ఈసారి ఏం చేస్తారంటే, కారు దిగగానే ఫోన్ మ్యాప్‌లో పిన్ పెట్టేయండి, వీధి మూల మీద గోడకో స్తంభానికో ఉండే పేరు బోర్డుని, పక్క ఇంటి నంబరుని ఫోటో తీయండి. బాణం ఉన్న బోర్డు జోలికి పోకండి. ఇక మీ ఆవిడకో మాట, అమ్మా, ఆయన రాసుకునేటప్పుడు మీరు పక్కనే ఉన్నారుగా, మీకెందుకు అనుమానం రాలేదు?

ప్రశ్న: రోమ్ హోటల్లో బాత్రూమ్ కుళాయిల మీద ఒకదానికి సి, ఒకదానికి ఎఫ్ అని ఉంది. సి అంటే కోల్డ్ కదా. ఎఫ్ అంటే ఏంటో తెలియలేదు గానీ కోల్డ్ కాకపోతే వేడే అయ్యుండాలి, "ఫైర్" అనుకున్నా. మూడు రోజులు ఎఫ్ తిప్పి వేడి నీళ్ళ కోసం పది పది నిమిషాలు నిలబడి, రాక, వణుకుతూ చన్నీళ్ళే పోసుకున్నా. నాలుగో రోజు రిసెప్షన్‌లో గొంతు పెంచా. అతనొచ్చి సి తిప్పి నా చెయ్యి కింద పెట్టమన్నాడు. మిగతాది మీరే ఊహించుకోండి.

జవాబు: ఫైర్! మూడు రోజులు ఫైర్ కింద వణికారు, పాపం. ఇటలీలో సి అంటే కాల్దో, వేడి. ఎఫ్ అంటే ఫ్రెడ్డో, చల్లన. స్పెయిన్‌లో కాలియెంతె, ఫ్రియో, ఫ్రాన్స్‌లో షో, ఫ్రువా. ఈ మూడు దేశాల్లో ఎక్కడికెళ్ళినా సి మండిస్తుంది, ఎఫ్ వణికిస్తుంది. ఎర్ర చుక్క నీలం చుక్క ఉంటే గొడవే లేదు, కానీ పాత హోటళ్ళలో అక్షరాలే ఉంటాయి. మీది ఇంకా నయం, చల్లటివి అనుకుని ఒకేసారి సి మొత్తం తిప్పేసిన వాళ్ళ ఉత్తరాలు నాలుగొచ్చాయి, అవి చదువుతుంటే నవ్వు రాలేదు.

ఇటలీ అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. నేపుల్స్‌లో మా అబ్బాయి పెప్పరోనీ పిజ్జా అని ఆర్డరిచ్చాడు. అమెరికాలో దాని మీద మాంసం ముక్కలుంటాయి కదా, వాడు అదే కావాలనుకున్నాడు. వచ్చిందేమో నిండా క్యాప్సికమ్. వెనక్కి పంపాడు. మళ్ళీ ఇంకా ఎక్కువ క్యాప్సికమ్ వేసి పంపారు, మొదట సరిపోలేదనుకున్నారు కాబోలు. ఇటాలియన్‌లో పెపెరోనీ అంటే క్యాప్సికమే. వాడికి కావాల్సింది "సలామె పిక్కాంతె" అని అడగాలట. నేను తెలివిగా లాటె అడిగి నవ్వుకుంటూ కూర్చున్నా, నాకు గ్లాసుడు పాలు తెచ్చిపెట్టారు. లాటె అంటే పాలే మరి, కాఫీ కావాలంటే కాఫె లాటె అనాలి. మా ఆయన మెనూలో వేలుపెట్టి చూపించి ఆర్డరిచ్చారు, ఆయనొక్కరే కడుపునిండా తిన్నది.

ప్రశ్న: అక్కా, ఎవరితో చెప్పుకోలేక నీకు రాస్తున్నా. మాడ్రిడ్‌లో రైల్లో నిలబడి నీళ్ళు తాగుతుంటే కుదుపొచ్చి పక్కన కూర్చున్న ముసలావిడ మీద సగం బాటిల్ ఒలికిపోయింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో "ఎంబారస్డ్" లాంటిది ఒకటి గుర్తొచ్చి "ఎస్తోయ్ ఎంబరసాదా, ఎంబరసాదా" అన్నా. ఆవిడ ఒక్క ఉదుటున లేచి తన సీట్లో నన్ను కూర్చోబెట్టింది, ఎదురుగా ఉన్నాయన నా బ్యాగ్ అందుకుని పైన పెట్టాడు, ఎవరో చాక్లెట్ ఇచ్చారు, ఒకావిడ మా ఆయన భుజం తట్టి చెయ్యి కలిపింది. ఆయనకేమీ అర్థంకాక "థాంక్యూ థాంక్యూ" అన్నాడు. రాత్రి గూగుల్ చేసుకున్నాక తెలిసింది. ఇప్పుడు నా బాధేంటంటే, నేను అబద్ధం చెప్పినట్టేనా?

జవాబు: అబద్ధమేముందమ్మా, నీకు తెలిసి చెప్తే కదా. ఎంబరసాదా అంటే గర్భవతి. ఇంగ్లీష్ మాటలా వినిపిస్తుంది, లోపల ఉన్నది వేరే మనిషి. నువ్వు అనాల్సింది "లో సియెంతో", అంటే సారీ. అది అనుంటే నీళ్ళు తుడుచుకుని ఊరుకునేది, సీటూ చాక్లెట్టూ వచ్చేవి కావు, అది కూడా ఆలోచించు. మీ ఆయన మాత్రం ఏం జరిగిందో తెలియకుండానే తండ్రి అభినందనలు అందుకుని థాంక్యూ చెప్పిన తీరు నాకు చాలా నచ్చింది.

అక్కడే మందుల షాపుకెళ్ళి విరేచనం కాలేదని చెప్పడానికి "కోన్స్తిపాదో" అన్న పాఠకుడు ఒకాయన రాశారు. వాళ్ళు చేతిలో జలుబు మాత్రలు పెట్టారట. స్పెయిన్‌లో కోన్స్తిపాదో అంటే జలుబు చేసిందని. ఆయన రెండు రోజులు వేసుకున్నారు. అసలు బాధ అలాగే ఉంది, ముక్కు మాత్రం బ్రహ్మాండంగా ఉందట.

ప్రశ్న: 2025లో బ్యాంకాక్ వెళ్ళాం. పిల్లకి పాల ప్యాకెట్ కొంటే దాని మీద ఎక్స్‌పైరీ 2568 అని ఉంది. మా అత్తగారు లెక్కల టీచర్‌గా రిటైరయ్యారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి "543 ఏళ్ళు చెడిపోని పాలు పిల్ల కడుపులో ఏం చేస్తాయో ఆలోచించావా" అని మొత్తం సింక్‌లో పారబోశారు. ఇంకో బ్రాండ్ తెచ్చా, దాని మీదా 2568. అదీ పారబోశారు. మూడోసారి షాపులో అమ్మాయి నన్ను చూసి "బేబీ హ్యాపీ?" అంది. ఇదేం లెక్క మేడమ్?

జవాబు: మీ అత్తగారి లెక్కలో ఒక్క ఏడాది కూడా తేడా లేదు, ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. సరిగ్గా 543. థాయ్‌లాండ్‌లో బౌద్ధ శకం వాడతారు, అది మామూలు క్యాలెండర్ కంటే 543 ఏళ్ళు ముందుంటుంది. 2025 అంటే వాళ్ళకి 2568. మీరు కొన్నవి పదిరోజుల్లో చెడిపోయే మామూలు పాలే. ఏడాది చూడగానే 543 తీసేయండి, అంతే. కొన్ని సరుకుల మీద మనకి తెలిసిన ఏడాదే వేస్తారు, అక్కడ కూడా తీసేశారనుకోండి పాలు కొలంబస్ కంటే ముందువి అయిపోతాయి.

మీరు ఏళ్ళతో పడ్డారు, నేను గంటలతో పడ్డాను. ఇథియోపియాలో అడిస్ అబాబా నుంచి ఒక రోజు ట్రిప్‌కి డ్రైవర్ని మాట్లాడుకున్నాం. "రేపు టూ ఓ క్లాక్" అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి కదా, తీరిగ్గా లేవొచ్చని రాత్రి ఒంటిగంట దాకా కబుర్లు చెప్పుకుని పడుకున్నాం. పొద్దున్న ఎనిమిదింటికి తలుపు దబదబా. తీస్తే డ్రైవర్, టక్ చేసుకుని తయారుగా నిలబడి "టూ ఓ క్లాక్!" అని వాచీ చూపిస్తున్నాడు. వాచీలో ముళ్ళు నిజంగానే రెండు చూపిస్తున్నాయి! అక్కడ గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఏడు వాళ్ళకి ఒకటి, మన ఎనిమిది వాళ్ళకి రెండు. భూమధ్యరేఖకి దగ్గర కదా, పొద్దు పొడిచే వేళ ఏడాది పొడుగునా పెద్దగా మారదు, ఆలోచిస్తే వాళ్ళ లెక్కే సుబ్బరంగా ఉంది, అర్ధరాత్రి ఎవరూ చూడని వేళ రోజు మొదలుపెట్టే మనమే వింత. విమానం టైములు మాత్రం మనకి తెలిసిన లెక్కలోనే ఉంటాయి. మిగతా ఏ టైము చెప్పినా "ఫెరెంజి టైమా" అని అడగండి, ఫెరెంజి అంటే విదేశీయుడని. అన్నట్టు వాళ్ళకి ఏడాదికి పదమూడు నెలలు, పన్నెండు ముప్ఫైరోజులవి, చివర్లో అయిదారు రోజుల బుల్లి నెల ఒకటి. ఏడాది కూడా మనకంటే ఏడెనిమిది వెనక. రెండువేల సంవత్సరం పండగని వాళ్ళు మన 2007 సెప్టెంబర్ 12న చేసుకున్నారు. ఆ లెక్కన అక్కడ ఉన్నన్నాళ్ళూ నా వయసు ఏడు తగ్గించి చెప్పా. మా ఆయన అడ్డు రాలేదు, ఆయనదీ తగ్గుతుంది కదా.

టైము గురించే ఇంకొక్కటి. బ్రిటిష్ వాళ్ళు "హాఫ్ త్రీ" అంటే మూడున్నర. జర్మన్ వాళ్ళు "హాల్బ్ ద్రై" అంటే రెండున్నర, మూడుకి సగం దూరం వచ్చిందని. మాట అదే, రైలు మాత్రం గంట ముందే పోతుంది. ఎలా తెలిసిందని అడగకండి.

ప్రశ్న: బల్గేరియాలో సోఫియాలో రాత్రి పూట రూమ్ కోసం నాలుగు చోట్ల అడిగాం. నాలుగు చోట్లా నవ్వుతూ తల అడ్డంగా ఊపారు. లేదని చెప్పడానికి అంత సంతోషం ఎందుకో అర్థంకాలేదు.

జవాబు: ఉందని చెప్పారండీ! నాలుగు చోట్లా రూమ్ ఉంది. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఆడిస్తే కాదు. పైగా టూరిస్టులతో మెలిగేవాళ్ళు కొందరు మన కోసం తిప్పి ఊపుతారు, అప్పుడు అది వాళ్ళ ఊపా మన ఊపా అని ఇంకో అనుమానం. అందుకని తల చూడకండి, మాట వినండి, "దా" అంటే అవును, "నె" అంటే కాదు. ఇది నేర్చుకుని ధీమాగా బోర్డర్ దాటి గ్రీస్‌లోకి వెళ్ళారనుకోండి, అక్కడ "నె" అంటే అవును. కాదంటే "ఓహి". మేము బస్సులో రాత్రి దాటాం, పొద్దున్నే హోటల్లో "టిఫిన్ ఉందా" అంటే "నె" అంది అమ్మాయి. బ్యాగులెత్తుకుని బయటికొచ్చేశాం. ఆ అమ్మాయి వెనకే పరిగెత్తుకొచ్చింది పాపం.

ప్రశ్న: మేడమ్, ఇది కొంచెం పెద్దది, కోసెయ్యకుండా వెయ్యండి ప్లీజ్. స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్లో లౌటర్‌బ్రున్నెన్ వెళ్ళడానికి రైలెక్కాం. నేను, మా ఆయన, మా మామగారు. రైలు కదిలేముందు మా ఆయన "ముందు పెట్టెలన్నీ ఖాళీగా ఉన్నాయి, కిటికీ సీట్లు చూసొస్తా" అని దిగి ప్లాట్‌ఫామ్ మీద నడుచుకుంటూ వెళ్ళి ముందెక్కాడు. టికెట్లు, పాస్‌పోర్టులు, డబ్బు, అన్నీ ఆయన నడుముకి కట్టుకున్న సంచిలోనే. ఒకే రైలు కదా, ఎక్కడున్నా ఒకటేగా అనుకున్నాం. మధ్యలో ఒక చిన్న స్టేషన్లో ఆగింది. బయల్దేరాక చూస్తే మా ఆయన ఉన్న ముందు సగం ఒక లోయలోకి, మా సగం ఇంకో లోయలోకి పోతున్నాయి! మా మామగారు కిటికీలోంచి "ఒరేయ్, ఒరేయ్" అని చెయ్యూపుతున్నారు, ఆయనేమో అటువైపు కొండలు ఫోటో తీసుకుంటున్నాడు. మేము దిగింది లౌటర్‌బ్రున్నెన్‌లోనే, ఆయన ఎక్కడికో పోయాడు. ఫోన్‌లో సిమ్ ఆయనకొక్కడికే ఉంది. టికెట్ చెక్ చేసే ఆవిడకి మా మామగారు చేతులతో రైలు రెండుగా చీలడం నటించి చూపిస్తే ఆవిడ అంతా అర్థమైనట్టు తలూపి మమ్మల్ని వదిలేసింది. గంటసేపు చూసి ఇక లాభం లేదని ఇంటర్‌లాకెన్‌కే తిరిగి రైలెక్కాం. దిగేసరికి అదే రైలు వేరే పెట్టెలోంచి మా ఆయన దిగాడు! ఇదెలా సాధ్యం? ఆయన "నేను మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చా" అంటాడు, మా మామగారు "వాడు మొదట్నుంచీ ఇదే రైల్లో ఉన్నాడు, మనల్నే ఏడిపించాడు" అంటారు. తీర్పు మీరే చెప్పాలి.

జవాబు: మీ ఆయన నిర్దోషి, కోర్టు వదిలేస్తోంది. మీరాగిన ఆ చిన్న స్టేషన్ పేరు త్స్వైల్యూచినెన్. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ నుంచి బయల్దేరే ఆ కొండ రైలు అక్కడికొచ్చాక రెండుగా విడిపోతుంది, ఒక ముక్క లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకో ముక్క గ్రిండెల్‌వాల్డ్‌కి. తెలుపు నలుపు రెండు ల్యూచిన్ వాగులు కలిసేదీ అక్కడే, రైళ్ళు కూడా వాటిలాగే చేస్తాయి. తిరుగు ప్రయాణంలో రెండు ముక్కలూ అక్కడే మళ్ళీ కలిసి ఒకే రైలై కిందికి వస్తాయి. మీరు ఆయన కోసం దిగులుపడుతూ ఒక ముక్కలో, ఆయన మీ కోసం దిగులుపడుతూ ఇంకో ముక్కలో, దారిలో కొక్కెం తగిలించుకుని పక్కపక్కనే వచ్చారన్నమాట. నాకొచ్చిన ఉత్తరాలన్నిట్లో ఇదే బెస్ట్, చెప్పేస్తున్నా.

ఇలా చీలే రైళ్ళు యూరప్‌లో చాలా ఉన్నాయి, ఇంగ్లండ్‌లో లండన్ నుంచి దక్షిణ తీరానికి వెళ్ళేవి కొన్ని హోర్షమ్ దగ్గర చీలతాయి. అనౌన్స్‌మెంట్ ఇస్తారు, పెట్టె పక్కనో తలుపు దగ్గరో బోర్డు మీద అది ఎక్కడికెళ్తుందో ఉంటుంది, ప్లాట్‌ఫామ్ స్క్రీన్ మీద కూడా ఏ ముక్క ఎక్కడికో చూపిస్తారు. రైలు పేరు చూసి ఎక్కడం కాదు, పెట్టె మీద పేరు చూసి ఎక్కాలి. ఇక అన్ని పాస్‌పోర్టులూ ఒక్క నడుముకే కట్టడం మానేయండి. ఎవరిది వాళ్ళ దగ్గర, ఫోటోలు అందరి ఫోన్లలో. ఒక్క మాట మాత్రం ఉండబట్టలేక అడుగుతున్నా, ఆయన అసలు గ్రిండెల్‌వాల్డ్‌లో గంటసేపు మీ కోసం ఏడుస్తూ కూర్చున్నాడా, లేక ఐగర్ కొండ ముందు నిలబడి ఫోటోలు దిగాడా? ఫోన్ తీసి టైము చూడండి.

ప్రశ్న: మా మరిది సిడ్నీకి టికెట్లు సగం ధరకే దొరికాయని ఎగిరి గంతేస్తున్నాడు. డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో ఎండాకాలం కదా అని బనియన్లు, నిక్కర్లు, సన్ క్రీమ్ సర్దేశాడు. టికెట్ చూస్తే హాలిఫాక్స్‌లో దిగి చిన్న విమానం మారాలని ఉంది, కోడ్ వైక్యూవై. "వదినా, నీకు ఏవియేషన్ గురించి తెలియదు" అంటున్నాడు. నిజంగా నాకే తెలియదా?

జవాబు: ఆపండి! ముందు ఆ అబ్బాయిని ఆపండి! (ఇది అచ్చయ్యేదాకా ఆగితే ప్రమాదమని ఈ పాఠకురాలికి విడిగా జవాబు పంపేశాను, మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నా.) ఆస్ట్రేలియా సిడ్నీ కోడ్ ఎస్‌వైడి. వైక్యూవై అంటే కెనడాలో నోవా స్కోషియాలో కేప్ బ్రెటన్ దీవి మీదున్న సిడ్నీ. కెనడా ఎయిర్‌పోర్టుల కోడ్‌లు చాలావరకు వై తోనే మొదలవుతాయి, అదొక గుర్తు. డిసెంబర్‌లో అక్కడ నిక్కరేసుకుని దిగితే గడ్డకట్టుకుపోతాడు. ఒపెరా హౌస్ ఉండదు గానీ ఓడరేవు దగ్గర ఆకాశమంత పెద్ద ఫిడేలు బొమ్మ ఉంటుంది, దాని ముందు సెల్ఫీ దిగొచ్చు.

మీ మరిదిని మరీ ఏడిపించకండి, ఈ దారిన పోయినవాళ్ళున్నారు. 2002లో ఒక బ్రిటిష్ జంట ఇలాగే అక్కడ దిగింది. 2017లో నెదర్లాండ్స్ నుంచి 18 ఏళ్ళ కుర్రాడు పల్చటి జాకెట్‌తో ఆస్ట్రేలియా అనుకుని మంచు తుఫాన్‌లోకి వెళ్ళాడు, వార్తల్లో కూడా వచ్చింది. 2009లో స్వీడన్ జంట ఒకటి ఇటలీలో కాప్రి దీవికని కారు నావిగేషన్‌లో కార్పి అని కొట్టారు. ఒక్క అక్షరం అటుదిటు. ఉత్తర ఇటలీలో సముద్రమే లేని ఊళ్ళో దిగి టూరిస్ట్ ఆఫీసుకెళ్ళి కాప్రిలో పేరున్న ఆ నీలి గుహ ఎక్కడండీ అని అడిగారు. దీవికి వెళ్ళడానికి పడవ కానీ వంతెన కానీ దాటలేదే అన్న అనుమానం కూడా రాలేదు వాళ్ళకి. 2016లో ఐస్‌లాండ్‌లో ఒక అమెరికన్ రెక్యవిక్‌లోని హోటల్‌కి వెళ్తూ వీధి పేరులో ఒక్క "ర" ఎక్కువ కొట్టి, మంచులో గంటల తరబడి నడిపి దేశం ఉత్తర కొసన సిగ్లుఫ్యోర్దుర్‌లో తేలాడు. ఆ ఊరివాళ్ళు నవ్వుకుని, బాగా చూసుకున్నారు, నాలుగు రోజులు హీరో అయిపోయాడు. కాబట్టి ఊరి పేరు ఎవడైనా రాస్తాడు, టికెట్ కొనేముందు మూడక్షరాల కోడ్ చూడండి, దేశం పేరు చూడండి. సగం ధర అంటే మటుకు రెండుసార్లు చూడండి.

ప్రశ్న: వియత్నామ్‌లో కాఫీకి 20,000 డాంగ్ నోటు ఇచ్చా అనుకుని 500,000 నోటు ఇచ్చేశానట, అన్నీ సున్నాలే కదా. కాఫీ షాపు ముసలాయన వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చి చిల్లర ఇచ్చాడు. నేనేమో నా వెంట పడుతున్నాడని ఇంకా జోరుగా నడిచా.

జవాబు: ఇరవై అయిదు రెట్లు ఇచ్చి పరిగెత్తారు, బాగుంది. ఆ రెండు నోట్లూ నీలంగానే ఉంటాయి, రెండిటి మీదా హో చి మిన్ బొమ్మే. అయిదు లక్షలవి పర్సులో వేరే అరలో పెట్టేయండి, ఇరవై వేలవి జేబులో. ఇంకోసారి ఎవరైనా వెంటపడితే ముందు ఆగి చూడండి.

ప్రశ్న: ఆంటీ, నాకు మొన్న 12వ తేదీకి పాతికేళ్ళు నిండాలి. 11 రాత్రి లాస్ ఏంజెలిస్‌లో ఫ్లైట్ ఎక్కా, పదమూడు గంటలు ప్రయాణం, ఆక్లాండ్‌లో దిగేసరికి 13 పొద్దున్న. నా బర్త్‌డే ఏమైపోయింది? కేక్ లేదు, ఫోన్లు లేవు. అమ్మ ఆ రోజంతా ఫోన్ చేసి స్విచాఫ్ వస్తోందని తిడుతోంది. అసలు నాకు పాతికేళ్ళు వచ్చాయా రాలేదా?

జవాబు: వచ్చాయమ్మా, ఆ విషయంలో తప్పించుకోలేవు. పసిఫిక్ మధ్యలో డేట్ లైన్ దాటి పడమటికి వెళ్తే ఒక రోజు మింగేస్తుంది, అలా నీ 12 మింగేసింది. నీది ఒక్క పుట్టినరోజే, సమోవా దేశమైతే మొత్తం దేశమే ఒక రోజు పోగొట్టుకుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం ఎక్కువైంది, వాళ్ళకి సోమవారమైతే మనకి ఇంకా ఆదివారమేంటని డేట్ లైన్‌కి అవతలి పక్కకి మారిపోయారు. 2011లో డిసెంబర్ 29 గురువారం పడుకుని లేచేసరికి 31 శనివారం. ఆ శుక్రవారం పుట్టినరోజున్న పిల్లలందరూ ఆ ఏడాది నీలాగే. అయితే వాళ్ళకి పాత బాకీ ఒకటి తీరిందిలే, 1892లో అమెరికా వర్తకుల కోసం ఇటుపక్కకి వచ్చినప్పుడు జులై 4 రెండుసార్లు చేసుకున్నారు.

నీ బాకీ కూడా తీర్చుకోవచ్చు. సమోవా పక్కనే అమెరికన్ సమోవా ఉంది, అది మారకుండా పాత పక్కనే ఉండిపోయింది. రెండిటికీ విమానంలో ముప్పావుగంట కూడా పట్టదు, తేడా మాత్రం సరిగ్గా 24 గంటలు. వచ్చే ఏడాది 12న సమోవా రాజధాని అపియాలో కేక్ కోసుకో, రాత్రి హాయిగా పడుకో, 13 పొద్దున్న విమానమెక్కి పాగో పాగోలో దిగు, అక్కడ ఇంకా 12 ఉంటుంది, ఇంకో కేక్ కొయ్యి. ఊరి పేరు రాసేది పాగో పాగో గానీ పలికేది పాంగో పాంగో, టికెట్ కౌంటర్లో తడబడకు. అమెరికన్ సమోవాకి ఎంట్రీ రూల్స్ అమెరికావి కావు, వేరేగా ఉంటాయి, ముందే చూసుకో. ఇంకోటి, ఈసారి బయల్దేరేముందే అమ్మకి రెండు 12లనీ వివరంగా రాసిచ్చెళ్ళు, లేకపోతే ఒకసారి ఎత్తలేదని తిట్టినావిడ ఈసారి రెండుసార్లు తిడుతుంది.